కాఫీగది గోడకవతలి గిటారు

ఎస్కో ఫోన్ చేసేసరికి హిల్కా బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఒక్క మనిషికి ఎన్ని కావాలో ఆమె చేతికి ఇంకా పట్టుబడలేదు. గిన్నెలో ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా పడ్డాయి. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కత్తి ఆడిస్తూనే ఉంది.

"గిటారుకి మూడు పికప్‌లు చేతికొచ్చాయి. శనివారం డాన్సు మంటపం దగ్గర యార్కో ఒక్కోటీ బిగించి వాయిస్తాడు. వాటిలో ఏది మన ఆర్మస్‌లా మోగుతోందో నువ్వు వచ్చి చెప్పాలి," అన్నాడు ఎస్కో.

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు? నలభై ఏళ్ళు అకార్డియన్‌ని గుండెకి ఆనించుకున్నవాణ్ణి, నా చెవుల్లో ఇంకేం మిగిలుంటుంది? నీకైతే ఇట్టే తెలిసిపోతుంది."

అందరూ ఆ మాటే అంటున్నారు. బ్యాండులో కొత్తగా చేరిన యార్కో అన్నాడు. మంటపాన్ని నడిపే యువజన సంఘం వాళ్ళూ అన్నారు, వాళ్ళలో యువజనుడనే వాడు ఒక్కడూ లేడు. దుకాణంలో పాల డబ్బాలు సర్దే ఆవిడ కూడా ఆగి మరీ అంది: "పెళ్ళానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

హిల్కా సరేనంది. సరేననడం ఆమెకిప్పుడు కష్టమేం కాదు. పోయిన శరత్తులో ఆర్మస్ పెరట్లో రాలిన ఆకులు పోగుచేస్తూ, చేతిలో పళ్ళకర్రతో అలాగే పక్కకి ఒరిగిపోయిన రోజు నుంచీ ఆమె అన్నిటికీ సరేనంటూనే ఉంది. శవపేటిక తెలుపా అంటే సరే. చర్చిలో ఏ కీర్తన అంటే, మీ ఇష్టం, సరే. ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన క్యాబేజీ కూరలన్నీ తింది, గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకిచ్చింది. ఏడవలేదు. నిబ్బరంగా ఉందని ఊరు మెచ్చుకుంది. పోహ్యన్‌మా మైదానాల్లో అది మంచి గుణం కిందే లెక్క. నిబ్బరానికి లోపల ఆపుకోవలసిందేదో ఉండాలి కదా. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవిని వేలితో తాకితే అది వేరేవాళ్ళ పెదవిలా ఉంటుంది. ఆమెకి మనిషంతా అలా ఉంది.

కానీ ఆ రోజు ఫోను పెట్టేశాక కొంచెం భయం వేసింది. చాలా నెలల తర్వాత వేసిన భయం కాబట్టి దాన్ని గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. పొయ్యి మీద గిన్నె పెట్టి ఆర్మస్ గిటారు ఎలా మోగేదో గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఆయన దగ్గు గుర్తొచ్చింది. మెట్ల మీద మేజోళ్ళ చప్పుడు గుర్తొచ్చింది. కారు తాళాలు గిన్నెలో పడేసే చప్పుడూ వచ్చింది. గిటారు రాలేదు. నీళ్ళు మరిగి మూత మీంచి పొంగినా రాలేదు. ఒక మనిషి పక్కన అన్నేళ్ళు కాపురం చేసి, ఊరంతా చెప్పుకునే ఆ మనిషి గిటారును తను అసలెప్పుడూ వినలేదేమో. శనివారం అందరి ముందూ అది బయటపడుతుంది. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనని కాదు. తనకే రూఢి అయిపోతుందని.

ఆమె వినకపోవడానికి కారణం లేకపోలేదు. బ్యాండువాళ్ళ భార్యలకి మొగుడితో డాన్సు రాసిపెట్టి ఉండదు. మొగుడు వేదిక మీద ఉంటాడు. మిగతా భార్యలు మంటపం అంచు బల్లల మీద వరసగా కూర్చుని, ఎవరైనా పిలిస్తే లేచేవాళ్ళు. హిల్కాకి ఆ కూర్చోవడం నచ్చేది కాదు. పెళ్ళికి ముందే ఆమెది కాఫీగది. పదిహేడేళ్ళ వయసులో పొరుగూరి పొలం నుంచి సైకిల్ మీద వచ్చి, వేసవికి పని కావాలని అడిగి, లెహ్తొలా డాన్సు మంటపం వెనక ఉన్న ఆ చెక్కగదిలో నిలబడింది. ఒక వేసవి సన్నటి కుర్రాడొకడు గిటారు భుజాన వేసుకుని కిటికీ దగ్గరికొచ్చి, కాఫీ అడిగి, డబ్బులు వేదిక మీద మర్చిపోయానన్నాడు. తిరిగొచ్చి ఇస్తానని ఇవ్వలేదు. మరుసటి వారం మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాడు. ఆమెకి నవ్వొచ్చింది. అలా మొదలైంది. చలికాలమంతా బడి వంటగదిలో పిల్లలకి బఠాణీ చారు కాచేది, వేసవిలో శనివారం శనివారం కాఫీగది. పిల్లలు కలగలేదు. దాని గురించి ఇద్దరూ ఒకసారి మాట్లాడుకున్నారు, మళ్ళీ మాట్లాడుకోలేదు.

కాఫీగదికి వేదిక గోడ ఆనుకునే ఉంటుంది. తలుపు అటువైపు లేదు. కిటికీ పక్క వసారాలోకి తెరుచుకుంటుంది. వేదిక మీద ఎవరున్నదీ లోపల నిలబడ్డవాళ్ళకి కనబడదు. పాట నడుస్తున్నంతసేపూ చెక్క నేల మీద జనం కాళ్ళ చప్పుడే వినిపిస్తుంది. పాటలు జంటలుగా నడుస్తాయి: రెండు టాంగోలు, లేదంటే రెండు వాల్ట్‌జ్‌లు. రెండోది అయ్యాక మగవాడు ఆడమనిషిని తెచ్చి ఆమె చోట దింపి, థాంక్స్ చెప్పి వెనక్కి పోతాడు. ఆ కొద్దిపాటి ఖాళీలో సగం మంది కాఫీగది కిటికీ మీద పడతారు. అప్పటికి కప్పులు వరసగా నిండి లేకపోతే ఇక ఆ సాయంత్రమంతా కుదురుకోలేరు. హిల్కా కప్పులు ఎప్పుడూ నిండే ఉండేవి. పాట ఎప్పుడైపోతుందో ఆమెకి ముందే ఎలా తెలుస్తుందని కొత్తగా చేరిన అమ్మాయిలు ఆశ్చర్యపోయేవారు. "తెలుస్తుందిలే," అనేది. ఎలా తెలుస్తుందో ఆమె ఆలోచించలేదు.

గిటారు పాడవడం హిల్కా చేతి మీదుగానే జరిగింది. అంత్యక్రియలైన మరునాడు దాన్ని పళ్ళకర్రతో పాటు తీసుకెళ్ళి కట్టెల కొట్టంలో పెట్టింది. ఎందుకు అక్కడ పెట్టిందంటే, రెండూ ఆయనవే కాబట్టి. మంచు కరిగాక ఎస్కో వచ్చి అడిగితే తీసిచ్చింది. చెక్క బాగానే ఉంది, తీగలు తుప్పు పట్టాయి, పికప్ మాత్రం మూగబోయింది. తీగల కింద ఉండే అయస్కాంతపు పెట్టె అది. చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. తీగ వణికితే ఆ వణుకుని అది కరెంటు చేసి స్పీకరుకి పంపుతుంది. చెమ్మకి లోపలి రాగి పచ్చబారి ఎక్కడో తెగింది. తంపెరే నగరంలో ఇలాంటివి మళ్ళీ చుట్టిపెట్టే మనిషొకడు విప్పి చూసి, ముట్టుకుంటే రాలిపోతోంది, దీన్ని వదిలేసి కొత్తది వేసుకోండన్నాడు.

ఎస్కో ఆమెని ఒక్క మాట అనలేదు. ఆయన తల గోక్కోవడం మాత్రం ఆమె చూసింది.

శనివారం మధ్యాహ్నానికి గాలి తిరిగి చల్లబడింది. మే నెలలో అది మామూలే. మంటపంలో కుర్చీలింకా ఒకదాని మీద ఒకటి పేర్చే ఉన్నాయి. గోడ మీద "ఆడవాళ్ళు పిలిచే వంతు" అని వెలిగే దీపపు పలక మీద సాలెగూడు ఉంది. వేదిక మీద యార్కో చిన్న బల్ల వేసుకుని, తువ్వాలు పరిచి, పనిముట్లు సర్దుకున్నాడు. పట్నంలో కట్టుడుపళ్ళు తయారుచేయడం అతని వృత్తి. నలభై దాటినవాడు, శుభ్రమైన మనిషి, చేతులు పిల్లి పాదాల్లా మెత్తగా కదులుతాయి.

"ఎవరివైనా పళ్ళు కూడా తెచ్చుకున్నావేమిటయ్యా?" అన్నాడు ఎస్కో తువ్వాలు చూసి.

"మీవి చూస్తే తేవలసిందనిపిస్తోంది," అన్నాడు యార్కో తల ఎత్తకుండా.

అతను పని చేసే పద్ధతి చూస్తే హిల్కాకి బడి వంటగదిలో కొలతల గ్లాసులు గుర్తొచ్చాయి. మూడింటికీ ఒకే రకం కొత్త తీగలు. తీగకీ పికప్‌కీ మధ్య ఎత్తు రెండు నాణేలు పెట్టి కొలిచాడు. యాంప్లిఫయరు గుండీలు కదలకుండా మీద టేపు అంటించాడు. ప్రతిసారీ అదే టాంగో మొదటి భాగం, అదే చోట, అదే గట్టిదనంతో వాయిస్తాడు, యంత్రంలో రికార్డు కూడా చేస్తాడు. ఏది ఏ పికప్పో ముందుగా చెప్పడు.

"పేరు తెలిస్తే చెవి మోసం చేస్తుందండీ. ఖరీదైనదని చెబితే ఖరీదుగానే వినబడుతుంది. మీరు కళ్ళు మూసుకుని వినండి," అన్నాడు హిల్కాతో.

ఆమె మంటపం మధ్యలో ఒంటరి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఇంత మధ్యలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

మొదటిది మోగింది. తియ్యగా, గుండ్రంగా ఉంది. చాలా బాగుంది. టీవీలో వచ్చే సంగీతంలా ఉంది. ఆమె లోపల ఏమీ కదల్లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఎస్కో.

"బాగుంది."

"ఆర్మస్‌లా ఉందా?"

"రెండోది కూడా విననీ."

యార్కో టంకం పెట్టాడు. చిన్న పొగ లేచింది. రెండోది బిగించాడు. అదే టాంగో. ఈసారి ఇంకాస్త మెరుపుంది, తీగ మీద గోరు తగిలినచోట కూడా స్పష్టంగా తెలుస్తోంది. యార్కో ముఖంలో ఇది నచ్చినట్టు ఆమెకి కనిపించింది, ఎందుకంటే కళ్ళు తెరిచేసింది.

"ఇది?" అన్నాడు ఎస్కో. గొంతులో ఏదో ఆశ ఉంది.

"ఇదీ బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుంది, ఎస్కో. నన్నేం చెయ్యమంటావు?"

ఎస్కో ఇక దాచుకోలేక చెప్పేశాడు. "అది మేమిచ్చిందే. వాడి యాభయ్యో పుట్టినరోజుకి బ్యాండువాళ్ళమంతా కలిసి కొనిచ్చాం. గోల చెయ్యని రకం. వాడు థాంక్స్ చెప్పి, కౌగిలించుకుని, తీసుకెళ్ళి డ్రాయర్లో పడేశాడు. ఒక్కనాడు బిగించలేదు. మొన్న నువ్విచ్చిన పెట్టెలో దొరికింది, కాగితం కూడా విప్పలేదు."

"పేర్లు చెప్పొద్దన్నానా?" అన్నాడు యార్కో విసుగ్గా.

"పేరు చెప్పానా? బాధ చెప్పుకున్నాను."

మూడోది యార్కో లెక్కలో అసలు పోటీలోనే లేదు. పాత సామాన్ల సంతలో ఇంకేదో కొంటే దానితో వచ్చిందట, అతి మామూలుది, ఒంటి చుట్టది. పక్కన పెట్టి చూడ్డానికి నాసిరకం ఒకటి ఉంటే మంచివాటి మంచి తెలుస్తుందని తెచ్చాడు. ఆ సంగతి అతను తర్వాత చెప్పాడు. అది బిగించేలోపు హిల్కా కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళకి చలి పట్టింది.

"కాఫీ పెడతాను," అంది.

"అక్కణ్ణించి ఏం వినబడుతుంది?" అన్నాడు యార్కో.

"వినబడినంత వినబడుతుంది. నువ్వు కానీ."

ఆమెకి అప్పటికే తెలిసిపోయింది, తనకి తెలియదని. ఆ మాట ఎస్కోకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వసారాలోంచి కాఫీగదిలోకి వెళ్ళింది. గాలి కొడుతోందని కిటికీ చెక్క దించేసింది. పెద్ద కాఫీపాత్రలో నీళ్ళు పోసి, పొడి వేసి, స్విచ్చి వేసింది. గది చలికాలపు వాసన వేస్తోంది. గోడకవతల మూడోది మోగింది. ఏ రంగూ లేకుండా పల్చగా గోడలోంచి వచ్చింది. ఇది కూడా కాదు. అంటే మూడూ కావు, లేదా మూడూ అవును. ఆమెకి తేడా తెలియదు. తెలియదని చెప్పేస్తే సరి. ఏదో ఒకటి వేసుకోండని చెప్పేస్తే సరి.

పాట ఆగింది. అవతల ఫోను మోగింది. యార్కో గొంతు: "ఆఁ, చెప్పండి. పై వరసా, కింది వరసా?" అంటూ అడుగులు దూరమయ్యాయి. మంటపంలో సిగ్నల్ నిలవదు, మాట్లాడాలంటే కార్ల దాకా నడవాలి.

హిల్కా అల్మరా తెరిచి కప్పుల దొంతర దింపింది. సాసర్లు పరిచింది. వాటి మీద కప్పులు పెట్టింది. పాత్ర కొళాయి కింద మొదటిది పెట్టి నింపింది, పక్కకి జరిపింది, రెండోది, మూడోది. కాఫీ ఇంకా సరిగా దిగలేదు, పల్చగా వస్తోంది. అయినా చెయ్యి ఆగలేదు. ఎడమచేతి పక్క చక్కెర గిన్నె, కుడిచేతి పక్క పాలకూజా పెట్టింది. కిటికీ చెక్క ఎత్తి కొక్కెం తగిలించింది.

కిటికీ బయట ఎస్కో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎవరొస్తున్నారు?" అన్నాడు నిండిన కప్పుల వరస చూసి. "బస్సేమైనా ఆగిందా?"

హిల్కా కప్పుల వంక చూసింది. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్నాయి. ఎవరు పెట్టారో ఆమెకీ అర్థం కాలేదు. తర్వాత వినబడింది. అప్పటిదాకా వినబడుతూనే ఉంది, కానీ అప్పుడు వినబడింది. గోడ లోపలి నుంచి, తేనెటీగల గూడు లాగా, గుయ్యిమని ఒకటే మోత.

"ఇదే," అంది.

"ఏది ఇదే?"

"ఇప్పుడు మోగుతున్నది."

"ఏమీ మోగట్లేదమ్మా. గిటారు స్టాండు మీదుంది. ఆ మహానుభావుడు బయట ఎవరి పళ్ళో బేరమాడుతున్నాడు."

"మోగుతోంది, నోరు మూసుకుని విను."

ఎస్కో నోరు మూసుకున్నాడు. ముఖం మెల్లగా మారింది. వసారా బల్ల మీద కూర్చున్నాడు. "ఓరి వీడి..." అన్నాడు. "ఆ గుండీ!"

యార్కో పరుగున వచ్చాడు. "అయ్యో, వాల్యూమ్ తగ్గించకుండా వెళ్ళిపోయాను, క్షమించండి," అంటూ వేదిక ఎక్కి గిటారు మీది గుండీ తిప్పేశాడు. మోత తెగిపోయింది.

ఆ తెగిపోవడం హిల్కాకి బాగా తెలిసినదే. పోయిన శరత్తు నుంచి ఇల్లంతా నిండి ఉన్నది అదే.

"తగ్గించకు," అంది. ఆ మాట ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కప్పు ఒకటి సాసరులో కదిలింది.

యార్కో కిటికీ దగ్గరికి వచ్చాడు. విషయం చెప్పారు. అతనికి నచ్చలేదు.

"ఇది టోన్ కాదండీ, లోపం. ఒంటి చుట్ట పికప్ చుట్టుపక్కల ఉన్న కరెంటు గోలనంతా పీల్చేస్తుంది. అది పోవాలనే రెండు చుట్టలు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని గోలని ఇంకోటి కొట్టేసేలా చేశారు. మొదటిదీ రెండోదీ అవే. ఈ గోలని పోగొట్టడానికి పెద్ద పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడి కనిపెట్టారు."

"కనిపెట్టేముందు మా ఆయన్ని అడిగారా?" అంది హిల్కా.

ఎస్కో ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. ఆమె మాటకి మాట విసిరి చాలా కాలమైంది.

"పాట వరకు చూస్తే రెండోదే బాగుంది. చెవి ఉన్నవాళ్ళెవరైనా అదే అంటారు," అన్నాడు యార్కో పట్టువదలకుండా.

"పాట సంగతి నాకు తెలియదు. పాటలు నేనెప్పుడూ వినలేదు. కాళ్ళ చప్పుడు విన్నాను. పాట ఆగాక ఇది విన్నాను. ఇది వస్తే కాఫీ పొయ్యాలి."

"ఇరవై ఏళ్ళు చెప్పాను," అన్నాడు ఎస్కో బల్ల మీంచి, ఎవరితోనో అన్నట్టు. "పాటకీ పాటకీ మధ్య ఆ గుండీ తగ్గించరా, చీమలపుట్టలో తల పెట్టినట్టుంది అని. అందరూ తగ్గిస్తారు. వీడు తగ్గించడు. అందుకే కదా ఆ పికప్ కొనిచ్చింది. ఉండనీ, నాకు పనికొస్తుంది, అనేవాడు. ఏం పనికొస్తుందిరా అంటే చెప్పేవాడు కాదు. బద్ధకం అనుకున్నాను."

పాత్ర బుసబుసమంటోంది. పొంగేలా ఉందని హిల్కా స్విచ్చి ఆపింది. యార్కో ఈలోపు ఆమె మాట కాదనలేక వెళ్ళి గుండీ మళ్ళీ పైకి తిప్పాడు. మోత వచ్చింది కానీ సన్నగా వచ్చింది, దోమలాగా.

"ఇది కాదు. ఇందాక లావుగా ఉంది," అంది.

"నేనేమీ మార్చలేదండీ. టేపు వేసే ఉంది," అన్నాడతను వేదిక మీంచి.

ఆమె పాత్ర వంక చూసింది. స్విచ్చి వేసింది. గోడ లోపల మోత ఉబ్బింది. ఆపింది. సన్నబడింది. మళ్ళీ వేసింది.

"ఓహో," అన్నాడు యార్కో గోడకవతల నుంచి. మోకాళ్ళ మీద కూర్చుని వేదిక కిందికి చూసినట్టున్నాడు, గొంతు నేల దగ్గర్నుంచి వచ్చింది. "మీ కాఫీపాత్ర వైరు ఇక్కడ సరిగ్గా గిటారిస్టు కాళ్ళ కిందినుంచి పోతోంది. పాత కాలపు వైరింగు. మీరక్కడ పాత్ర వేస్తే ఇక్కడ గిటారులో వినబడుతుంది. ఎలక్ట్రీషియన్‌కి చూపించాలిది."

హిల్కా స్విచ్చి మీద వేలు తియ్యలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఆర్మస్ ఏవో అనేవాడు. జనం అంతమంది లేరు కదా, వాల్ట్‌జ్‌కి ముందు రెండో పాత్ర ఎందుకు పెట్టావు? ఇవాళ మధ్యలో కాసేపు పాత్ర ఆపేశావు, ఒంట్లో బాగాలేదా? ఆమె ఏదో ఒక జవాబు చెప్పేది. కిటికీలో దీపం చూసి అంటున్నాడనుకునేది. వేదిక మీంచి కిటికీ కనబడదని ఆమెకి తెలుసు. తెలిసినా అలాగే అనుకునేది. అలిసిపోయి ఉండేది, కాళ్ళు పీకుతూ ఉండేవి, వాదించే ఓపిక ఉండేది కాదు. ఒక వేసవి, రెండోసారి కడుపు పోయిన వేసవి, డాక్టరు వద్దన్నా ఆమె పనికొచ్చి నిలబడింది. ఆ సాయంత్రం పాత్ర ఆపి, నేల మీద కూర్చుండిపోయింది. రెండు పాటల జంట పూర్తికాకుండానే ఆర్మస్ గిటారు మెడలో ఉండగానే గదిలోకి వచ్చేశాడు. ఎలా తెలిసిందని ఆమె అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"హిల్కా, ఏమైంది?" అన్నాడు ఎస్కో మెల్లగా.

"ఏం లేదు. కాఫీ తాగు. పల్చగా ఉంది."

ఎస్కో తాగాడు. నిజంగానే పల్చగా ఉంది. ఆయన ఏమీ అనకుండా రెండో కప్పు కూడా తీసుకున్నాడు, అంత నిండా పోసి ఉన్నాయి కాబట్టి.

మూడోదే బిగించారు. యార్కో ఒక మాట అన్నాడు: "నేను ఆర్మస్‌ని కాదు. అది మీరిద్దరూ గుర్తుంచుకోవాలి."

"నువ్వు ఆర్మస్‌వి అయితే కాఫీకి డబ్బులివ్వవు. నువ్విస్తావు, నాకు తెలుసు," అంది హిల్కా.

ఆ వేసవికి మంటపం తెరిచే సాయంత్రం వాన పడలేదు. కార్లు ఏటి గట్టుదాకా నిలిచాయి. ఆడవాళ్ళు బూట్లు విప్పి సంచుల్లోంచి డాన్సు చెప్పులు తీసుకున్నారు. హిల్కా యాలకుల బన్నులు పళ్ళెంలో పేర్చింది, రెండు పాత్రలూ వేసింది. అవతల ఎస్కో మైకులో ఆర్మస్ పేరు ఒక్కసారి చెప్పాడు, జనం నిలబడ్డారు, కూర్చున్నారు. మొదటి టాంగో మొదలైంది. తర్వాత రెండోది. కాళ్ళ చప్పుడు. ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని నిలబడింది.

కాళ్ళ చప్పుడు ఆగింది. గోడలోంచి ఏమీ రాలేదు. యార్కో చెయ్యి అలవాటు కొద్దీ గుండీ తిప్పేసి ఉంటుంది. ఆమె అలాగే నిలబడింది. కిటికీ నిండా ముఖాలొచ్చాయి, కప్పులు ఖాళీగా ఉన్నాయి.

"ఏంటే హిల్కా, చలికాలం నిద్ర ఇంకా తీరలేదా?" అంది ముందు నిలబడ్డ లెంపి. ఆవిడకి ఎనభై దాటాయి, ఇంకా వాల్ట్‌జ్ వదలదు.

"తీరలేదు," అంది హిల్కా. ఒక్కొక్కటీ నింపుతూ పోయింది. సగం మందికి అందనేలేదు, తర్వాతి పాట మొదలైపోయింది.

ఆ జంట వాల్ట్‌జ్‌లది. అది అయిపోతున్నప్పుడు గోడకవతల బూటు దేనికో తగిలిన చప్పుడు, యార్కో "అబ్బా" అనడం వినబడ్డాయి. ఎస్కో బూటు బరువైనది. కాళ్ళ చప్పుడు ఆగింది. గుయ్యిమని మొదలైంది, లావుగా, రెండు పాత్రల లావుతో.

ఆమె చేతులు వాటి పాటికవి కప్పుల మీదికి వెళ్ళాయి. జనం వచ్చేసరికి వరస నిండి ఉంది. లెంపి చిల్లర లెక్కపెడుతుంటే హిల్కా పక్కకి వంగి, పాత్ర స్విచ్చి ఒకటి ఆపి, మళ్ళీ వేసింది. అవతల మోత సన్నబడి ఉబ్బింది. ఎందుకు చేసిందంటే ఆమె చెప్పలేదు. వినేవాడు ఎవరూ లేరని ఆమెకి తెలుసు.

"వినబడిందా?" యార్కో గొంతు గోడలోంచి వచ్చింది. "వచ్చే వారంలోగా ఆ వైరింగు మార్పించాలి."

"దాని మీద చెయ్యి వేశావంటే నీ పళ్ళు నువ్వే చేసుకోవాల్సొస్తుంది," అన్నాడు ఎస్కో. అకార్డియన్ గాలి పీల్చుకుంది.

"పాలు?" అంది హిల్కా.

"కొంచెం," అంది లెంపి.